గడప దాకా వచ్చే బీపీ మిషన్: తిరుపతి పక్క పల్లెలో ఆశా, విలేజ్ క్లినిక్ సేవలపై ఒక సమీక్ష

తిరుపతి నుంచి చంద్రగిరి మీదుగా పాకాల వైపు వెళ్లే దారికి కాస్త లోపలగా ఉన్న మా పల్లెలో ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, విలేజ్ క్లినిక్‌లోని సీహెచ్‌ఓ కలిసి నడిపే బీపీ, షుగర్, క్యాన్సర్ పరీక్షల సేవను మా కుటుంబం కొన్నేళ్లుగా వాడుకుంటున్నది. మా అమ్మకు షుగర్, పెద్దనాన్నకు బీపీ ఉన్నాయి. ఇద్దరికీ జబ్బు ఉన్నదన్న సంగతి మొదట బయటపడింది ఈ సేవ వల్లనే. ఊరి పేరు గానీ, సిబ్బంది పేర్లు గానీ ఇక్కడ రాయడం లేదు. ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి, ఆ ఫిర్యాదుల్లో చాలావరకు వాళ్ల చేతిలో లేని విషయాలకు సంబంధించినవి.

ఈ ముగ్గురూ ఎవరో తెలియనివారి కోసం కొద్దిగా చెప్పాలి. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పాటు 2005లో వచ్చిన ఆశా వ్యవస్థలో సుమారు వెయ్యి మంది జనాభాకు ఒక కార్యకర్త ఉంటుంది, ఆమె అదే ఊరి మనిషై ఉండాలి. ఏఎన్‌ఎం (ఊళ్లో టీకాలు వేసే నర్సు) అంతకంటే చాలా పాత ఉద్యోగం, టీకాల పేరుతో మూడు తరాల వాళ్లకు పరిచయమైనది. సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అనేది 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన కొత్త పోస్టు, మన రాష్ట్రంలో చాలాకాలం ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అని పిలిచారు. బీఎస్సీ నర్సింగ్ చదివినవారు ఈ ఉద్యోగాల్లో ఉంటారు. క్లినిక్ బోర్డు మీద పేరు ప్రభుత్వాన్ని బట్టి మారుతూ వచ్చింది గానీ లోపల కూర్చునే మనిషి, చేసే పని దాదాపు అవే.

సేవ అవసరమా అన్న ప్రశ్నకు జవాబు అంకెల్లోనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, పెద్దవాళ్లలో మూడో వంతు కంటే ఎక్కువ మందికి రక్తపోటు ఉంది. రక్తపోటుకు నొప్పి ఉండదు, దురద ఉండదు, జ్వరం రాదు. అందుకే పక్షవాతం వచ్చి రుయా ఆసుపత్రికి తీసుకువెళ్లిన రోజున గానీ, కాళ్లు వాచి స్విమ్స్‌లో డయాలసిస్ మొదలుపెట్టాలని చెప్పిన రోజున గానీ ఇంటిల్లిపాదికీ దాని సంగతి మొదటిసారి తెలుస్తుంది. తిరుపతిలో ఇన్ని పెద్ద ఆసుపత్రులు ఉండటం మన అదృష్టమే, అయితే వాటి తలుపు తట్టేవాళ్లలో చాలామందిని పదేళ్ల ముందే ఊళ్లో ఆపగలిగే పని వేరే ఉంది. ఈ సమీక్ష ఆ పని గురించే.

పని ఒక ఫారంతో మొదలవుతుంది. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ ఆశా కార్యకర్త ఇంటి దగ్గరే కొన్ని ప్రశ్నలు వేసి మార్కులు వేస్తుంది: వయసెంత, పొగాకు గానీ గుట్కా గానీ అలవాటు ఉందా, రోజూ మద్యం తాగుతారా, వారానికి 150 నిమిషాలైనా ఒళ్లు వంచి పని చేస్తారా, తల్లిదండ్రుల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అని. తర్వాత టేపుతో నడుము కొలుస్తుంది. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే మార్కు పెరుగుతుంది. మొత్తం నాలుగు దాటినవాళ్లను ముందుగా క్లినిక్‌కు పంపాలని నియమం. ఈ ఫారం సొంతంగా ఏ జబ్బునూ నిర్ధారించదు, ఎవరిని ముందు చూడాలో మాత్రమే చెబుతుంది. పొలం పని చేసే మా పల్లెలో ‘మాకు వ్యాయామం ఎందుకు’ అని నవ్వేవాళ్లే ఎక్కువ. ట్రాక్టర్లు, యంత్రాలు వచ్చాక ఆ నవ్వులో నిజం బాగా తగ్గిందని టేపు చూపిస్తున్నది.

క్లినిక్‌లో బీపీ పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ చేరినా దాటినా, ఎప్పుడు తిన్నా తినకపోయినా వేలు గుచ్చి చూసిన షుగర్ 140 దాటినా వెంటనే రోగి అని ముద్ర వేయరు. మళ్లీ చూస్తారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు దగ్గరకు పంపుతారు, మందు రాయవలసింది ఆయన. ఈ క్రమం మా ఇంట్లో బాగానే జరిగింది. కంగారు పెట్టే మాట ఒక్కటి కూడా లేకుండా అమ్మకు విషయం చెప్పిన తీరు, ఊళ్లోని పెద్ద డాక్టర్లు చాలామంది నేర్చుకోవలసినదని నా అభిప్రాయం.

ఇక్కడి వరకూ చూస్తే ఇది శిబిరాలకు భిన్నమైనది కాదు. ఏదో ఒక సంస్థ బ్యానరు కట్టి, ఉచితంగా బీపీ చూసి, ఫొటో దిగి వెళ్లిపోవడం మనం ఎన్నోసార్లు చూశాం. ఈ సేవ అసలు విలువ జబ్బును కనుక్కున్న తర్వాతి నెలల్లో కనిపిస్తుంది. మా పెద్దనాన్న రోజుకొక మాత్ర చొప్పున కొంతకాలం వేసుకున్నారు, క్లినిక్‌లో చూస్తే బీపీ మామూలుగా ఉందన్నారు, దాంతో జబ్బు పోయిందని నిశ్చయించుకుని మాత్ర మానేశారు. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఆశా కార్యకర్త మామూలుగా గర్భిణి ఇంటికి వెళ్తూ మా గుమ్మం దగ్గర ఆగి, ‘పెదనాయనా, మాత్రల పట్టీ ఒకసారి చూపించు’ అని అడిగింది. పట్టీ చూడగానే, నెల మధ్యలో సగం కూడా ఖాళీ కాలేదని అర్థమైంది. ‘నాకు బాగుండాది గదమ్మా, ఊరికే ఎందుకు మింగేది?’ అని ఆయన వాదన. ఆమె ఆయనతో వాదించలేదు. అదే వీధిలో మాత్ర మానేసి మంచాన పడిన ఒకరి పేరు చెప్పి, ‘ఆయనకూ బాగానే ఉన్నింది’ అని ఊరుకుంది. ఆ సాయంత్రం నుంచి మాత్ర మళ్లీ మొదలైంది.

డాక్టరు చీటీలో ‘రోజూ వాడాలి’ అని రాయగలడు, యాప్ సందేశం పంపగలదు, కానీ ఏ ఇంట్లో ఎవరు ఎందుకు మానేశారో, ఎవరి మాట చెబితే వింటారో తెలిసిన మనిషి ఊరిలోనే ఉండాలి. రక్తపోటును అదుపులో ఉంచే ఆమ్లోడిపిన్ లాంటి మాత్ర ఖరీదు చాలా తక్కువ. దాన్ని ఏళ్ల తరబడి మానకుండా మింగించడమే కష్టమైన భాగం. ఈ ఒక్క పనికి నేను ఈ సేవకు పూర్తి మార్కులు వేస్తాను.

ఆహారం గురించి చెప్పే సలహా కూడా మా ఊరి వంటింటిని ఎరిగినవాళ్లు చెప్పేది కాబట్టి నిలబడింది. ఉప్పు రోజుకు ఐదు గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఐదు గ్రాములంటే ఒక చిన్న చెంచాడు, పూటకు కాదు, రోజు మొత్తానికి. ఆశా కార్యకర్త గ్రాముల లెక్క ఎత్తలేదు. ఊరగాయ మధ్యాహ్నం వేసుకుంటే రాత్రికి వద్దనీ, మజ్జిగలో ఉప్పు వేయడం మానమనీ, అప్పడం వడియం పండక్కి ఉంచుకోమనీ చెప్పింది. షుగర్ ఉన్నవాళ్లకు రాగి సంగటి తినమని అందరూ చెబుతారు, చిత్తూరు వైపు అది కొత్త సంగతి కాదు. అయితే సంగటి అయినా సరే రెండు పెద్ద ముద్దలు తింటే షుగర్ పెరుగుతుందని, ముద్ద తగ్గించి ఆకుకూర పప్పు పెంచమని చెప్పినది ఈమె ఒక్కతే. రాగులు మంచివన్న ధైర్యంతో అమ్మ అప్పటివరకు లెక్క లేకుండా తినేది.

క్లినిక్ సంగతికి వస్తే, ఇక్కడ 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు అందుబాటులో ఉంటాయని 2023లో, డాక్టరు ఊళ్లకే వచ్చి చూసే ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైనప్పుడు ప్రభుత్వం ప్రకటించింది. పరీక్షల విషయంలో నాకు ఫిర్యాదు లేదు. మందుల విషయంలో ఉంది. మేము వెళ్లే చోట షుగర్ మాత్ర దొరికిన నెలలో బీపీ మాత్ర లేకపోవడం, ముప్పై రోజులకు బదులు పది రోజులకే ఇచ్చి మళ్లీ రమ్మనడం జరుగుతూ వచ్చింది. పది రోజుల మందు అంటే కూలికి వెళ్లే మనిషికి నెలలో మూడు సగం రోజుల పని పోవడం. మూడోసారి ఆ మనిషి రాడు, రాకపోతే ‘రోగి నిర్లక్ష్యం’ అని రిజిస్టరులో చేరుతుంది. ఇంకొక చిన్న విషయం, కానీ పెద్దవాళ్ల దగ్గర చాలా పెద్దది: కంపెనీ మారినప్పుడల్లా మాత్ర రంగు, పరిమాణం, పట్టీ మారిపోతాయి. తెల్లమాత్ర పొద్దున, పసుప్పచ్చది రాత్రి అని గుర్తుపెట్టుకున్న అమ్మకు రెండూ తెల్లవే వచ్చిన నెలలో ఏం చేయాలో తోచలేదు. సీహెచ్‌ఓ కవరు మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసి ఇవ్వడంతో ఆ చిక్కు తీరింది. ఇలాంటి బొమ్మల కవర్లు పైనుంచే అచ్చువేసి పంపడం ఏ ప్రభుత్వానికైనా పెద్ద ఖర్చు కాదు.

డాక్టరు 104 వాహనంతో ఊరికి వచ్చే రోజు వేరే సందడి. 2020 జూలై 1న ఒకేసారి 1,088 కొత్త 104, 108 వాహనాలను రాష్ట్రంలో ప్రారంభించిన తర్వాత ఈ రాకపోకలు మెరుగయ్యాయి. ఆ రోజు డాక్టరు మంచం పట్టినవాళ్ల ఇళ్లకు కూడా వెళ్లాలి; మా ఊళ్లో వెళ్తారు, ఎవరింటికి వెళ్లాలో ఆశా కార్యకర్త ముందే చీటీ రాసి ఉంచుతుంది కాబట్టి. డాక్టరు లేని రోజున క్లినిక్ నుంచి వీడియో ద్వారా మాట్లాడించే ఈ-సంజీవని ఉంది. సాంకేతికంగా ఇది మన ప్రాంతానికి వింత కాదు, చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ 2000 సంవత్సరంలోనే ఉపగ్రహం ద్వారా టెలీమెడిసిన్ మొదలుపెట్టింది. మా క్లినిక్‌లో సిగ్నల్ ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది, లేనప్పుడు డాక్టరు ముఖం కదలకుండా నిలబడిపోతుంది, సీహెచ్‌ఓ తన సొంత ఫోన్‌లో మాట్లాడి పని ముగిస్తారు.

ఈ సేవలో నాకు కనిపించిన అతిపెద్ద లోపం మగవాళ్లు. ఆశా కార్యకర్త తిరిగేది పగటిపూట. ఆ వేళకు ఊళ్లో దొరికేది ఆడవాళ్లు, ముసలివాళ్లు. ముప్పై నుంచి యాభై మధ్య వయసున్న మగవాళ్లు తెల్లవారక ముందే బస్సెక్కి తిరుపతిలో హోటళ్లకు, దుకాణాలకు, ఆటోలకు వెళ్తారు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టు పని చేసేవాళ్లు పగలు నిద్రపోతూ ఉంటారు. బెంగళూరులో ఉన్నవాళ్లు పండక్కి మాత్రమే కనిపిస్తారు. పొగాకు, మద్యం, నిద్రలేమి, బయటి తిండి అన్నీ ఎక్కువగా ఉన్నది వీళ్లకే. ఫారంలో వీళ్ల వివరాలు భార్యో తల్లో చెప్పి నింపిస్తున్నారు, నడుము కొలత అంచనాగా పడుతున్నది. భర్త రోజూ తాగుతాడా అన్న ప్రశ్నకు భార్య అత్తగారి ముందు ఏం జవాబు చెబుతుందో ఊహించవచ్చు. కాగితం మీద ఊరంతా పరీక్ష పూర్తయినట్టు ఉంటుంది, జబ్బు ముదిరే వయసువాళ్లు మాత్రం జారిపోతారు.

దీనికి పరిష్కారం ఊళ్లోనే ఉంది. పాడి ఉన్న ఈ జిల్లాల్లో ప్రతి పల్లెలోనూ పొద్దున్నే పాలకేంద్రం దగ్గర మగవాళ్లు క్యాన్లతో వరుసలో నిలబడతారు. ఆ అరగంటలో బీపీ మిషన్ అక్కడ పెడితే నెల రోజుల ఇంటింటి తిరుగుడుకు దొరకనివాళ్లు దొరుకుతారు. మా ఊళ్లో ఏఎన్‌ఎం తన సొంత ఆలోచనతో ఇలా చేసి చూశారు, మంచి స్పందన వచ్చింది. అయితే పొద్దున్నే చేసిన ఆ పనికి డ్యూటీ లెక్కలో చోటు లేదు, ఆమె మళ్లీ పదింటికి మామూలుగా హాజరు వేయాలి. అలాంటప్పుడు ఎంతకాలం చేస్తారు?

క్యాన్సర్ పరీక్షల గురించి తప్పనిసరిగా చెప్పాలి. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను ముప్పై ఏళ్లు దాటినవాళ్లలో ముందే పసిగట్టాలన్నది కార్యక్రమం. నోరు చూడటానికి టార్చి లైటు చాలు, ఆకువక్కలో పొగాకు కలిపి నమిలే ముసలమ్మలు సరదాగానే నోరు తెరిచి చూపించారు. మిగతా రెండూ అంత సులభం కాదు. తలుపు సరిగ్గా మూసుకోని గదిలో, బయట బెంచీ మీద మగవాళ్లు కూర్చుని ఉండగా, ఏ ఆడమనిషి ఒప్పుకుంటుంది? మా క్లినిక్‌లో ఒక తెర, తలుపుకు ఒక గడియ ఏర్పాటైన తర్వాతే, అది కూడా ఆశా కార్యకర్త పక్కన నిలబడి చేయి పట్టుకుంటేనే, కొంతమంది ముందుకు వచ్చారు. అనుమానం ఉన్నవాళ్లను తిరుపతికి పంపుతారు. స్విమ్స్‌తో పాటు, టీటీడీ స్థలంలో టాటా ట్రస్ట్స్ అలిపిరి దగ్గర కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి కూడా 2022 నుంచి పనిచేస్తున్నందున దూరం సమస్య కాదు. సమస్య తోడు. పెద్ద ఆసుపత్రిలో ఏ కౌంటరు దగ్గర ఏం అడగాలో తెలియక గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చినవాళ్లు ఉన్నారు. మా చిన్నమ్మతో ఆశా కార్యకర్త స్వయంగా వెళ్లి, ఆమెది మామూలు గడ్డేనని తేలేదాకా పక్కనే కూర్చుంది. ఆ రోజు బస్సు చార్జీ ఎవరు పెట్టుకున్నారని నేను అడిగితే మాట దాటవేసింది.

ఆమె జీతం గురించి రెండు మాటలు. ఆశాలు ఉద్యోగులు కారు, గౌరవ వేతనం పొందే స్వచ్ఛంద కార్యకర్తలు అన్నది వ్యవస్థ మొదటి నుంచీ చెబుతున్న మాట. మన రాష్ట్రంలో 2019లో ఆ వేతనాన్ని నెలకు 10,000 రూపాయలు చేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని సుమారు పది లక్షల మంది ఆశాలందరికీ కలిపి అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. పురస్కారం సంతోషమే. అదే సమయంలో గర్భిణులు, బాలింతలు, టీకాలు, క్షయ రోగులు, సర్వేలు అన్నీ మోస్తున్న ఆ భుజం మీదనే బీపీ, షుగర్, క్యాన్సర్ కూడా పెట్టి, ప్రతిదానికీ ఒక యాప్ ఇచ్చారు. పద్నాలుగు అంకెల ఆరోగ్య ఖాతా నంబరు తీయడానికి ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్‌కు వెళ్తుంది, ఆయన మీటింగులో ఉంటాడు. ముసలాయన బీపీ చూడటానికి పట్టేది మూడు నిమిషాలు, అది కంప్యూటర్‌కు ఎక్కడానికి పూటంతా పట్టిన సందర్భాలు నేను కళ్లారా చూశాను. యాప్‌లో ఎక్కించిన తర్వాత కూడా కాగితపు రిజిస్టరు మానలేదు. ఈ లెక్కలు అవసరం లేవని నేను అనను. ఒకే లెక్కను ఎన్నిసార్లు రాయించాలన్నది ఆలోచించవలసిన విషయం.

బయటి ప్రత్యామ్నాయంతో పోల్చితే ఈ సేవ ఎక్కడ నిలుస్తుంది? టౌన్‌లోని ప్రైవేటు ల్యాబులో ఫలితం చక్కగా అచ్చువేసి ఇస్తారు, మూడు నెలల సగటు షుగర్ లాంటి పరీక్షలు అక్కడే అవుతాయి, కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు అప్పుడప్పుడు బయట ఆ పరీక్ష చేయించుకోక తప్పదు. కంటి వెనుక పొర, కిడ్నీ పనితీరు చూపించుకోవడానికి కూడా పెద్ద ఆసుపత్రికే వెళ్లాలి. ఈ విషయం క్లినిక్‌లో గుర్తుచేస్తారు గానీ తేదీ నిర్ణయించి పంపే పద్ధతి ఇంకా లేదు, ఉండాలి. పాదం పుండు పట్టకుండా చూసుకోవడం గురించి మాత్రం ప్రైవేటులో ఎవరూ చెప్పనంత వివరంగా ఇక్కడ చెప్పారు.

మొత్తం మీద, బీపీ గానీ షుగర్ గానీ మొదటి దశలో ఉన్నవాళ్లకు, పెద్దవాళ్లను ఊళ్లో వదిలి దూరంగా ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలకు ఈ సేవను నేను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం లాంటివి కనిపిస్తే మాత్రం క్లినిక్ కోసం ఎదురుచూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

వాడుకోదలచినవారు పాత చీటీలు, వేసుకుంటున్న మాత్రల పట్టీలు, ఆధార్ కార్డు ఒకే సంచిలో పెట్టి తీసుకువెళ్లండి. ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల ఆధార్‌కు మీ నంబరు జోడించి ఉంటే, ఆశా కార్యకర్త ఎప్పుడు వస్తుందో ముందే కనుక్కుని ఆ పూట ఫోన్ ఎత్తండి. 104 వచ్చే తేదీ సచివాలయం దగ్గర రాసి ఉంటుంది, ఆ రోజు రద్దీ ఎక్కువ కాబట్టి కేవలం మాత్రలు కావలసినవాళ్లు మరుసటి రోజు వెళ్లడం మేలు.